ముదురాకు చెప్పే సాక్ష్యం

మొక్కలున్న అక్వేరియం ముందు నిలబడితే మామూలు చూపు చేపల మీదికి పోతుంది. కాస్త ఓపికున్నవాళ్లు పైన మెరుస్తున్న లేత చిగుళ్ల దగ్గర ఆగుతారు. ఈ పనిలో చేయి తిరిగినవాళ్లు మాత్రం నడుం వంచి, అడుగున కర్రను ఆనుకుని ఉన్న ముదురాకును వెతుకుతారు. అది పుట్టి ఏడాదో, ఏడాదిన్నరో అయివుండాలి. అంచున నల్లటి నూగు పట్టిందా? మధ్యలో పసుపు తిరిగిందా? ఎక్కడైనా చిల్లి పడిందా? ఏమీ లేకుండా తోలు బిళ్లలా ఆకుపచ్చగా, శుభ్రంగా ఉంటే ఆ తొట్టి చూసుకుంటున్న మనిషికి పని వచ్చినట్టే. లేదంటే పైన ఎంత పచ్చదనం ఉన్నా అది నిన్నటి ముస్తాబు.

ఈ పరీక్ష అన్ని నీటి మొక్కలకూ పనికిరాదు. నిటారుగా సాగే కాండం మొక్కలు చకచకా పెరిగిపోతాయి. కింది ఆకులు పాడైతే మొదలు పీకేసి, పై కొస కత్తిరించి మళ్లీ నాటుకుంటే చాలు, చేసిన తప్పులన్నీ చెత్తబుట్టలోకి పోతాయి. రాళ్లనూ కర్రలనూ వేళ్లతో కరుచుకుని బతికే నెమ్మది మొక్కల సంగతి అలా కాదు. అనూబియాస్, బూసెఫలాండ్రా, జావా ఫెర్న్, బోల్బైటిస్ ఈ కోవలోవి. మొదటి రెండింటిలో ఒక్కో ఆకు విప్పారడానికి మూడు నాలుగు వారాలు పట్టే రకాలు మామూలే. ఉగాదికి లైటు ఎక్కువసేపు వెలిగించి ఉంటే, ఆ సంగతి దసరాకు కూడా ఆకు మీద చదువుకోవచ్చు. ఈ మొక్కల పెంపకాన్ని కేవలం అభిరుచి అనకుండా పనితనం అనడానికి నాకున్న కారణం ఇదే.

వృక్షోపజీవులు అనే మాట ఇంటర్ వృక్షశాస్త్రంలో చదివినవాళ్లకు గుర్తుంటుంది. మామిడి కొమ్మ మీది బదనిక చెట్టు రసం పీల్చి బతుకుతుంది. మన నెమ్మది మొక్కలు వృక్షోపజీవులు, ఆ బాపతు కాదు. కర్రను పట్టుకోవడమే తప్ప దాని నుంచి ఏమీ తీసుకోవు. తిండి మొత్తం పక్కనుంచి పోయే నీళ్లలోంచే. అనూబియాస్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా వాగుల ఒడ్డుది, బూసెఫలాండ్రా బోర్నియో దీవిది. రెండూ మన పెరట్లోని చేమ, కంద మొక్కల కుటుంబమే. జావా ఫెర్న్ ఆగ్నేయాసియా అంతటా, మన ఈశాన్య రాష్ట్రాల్లో కూడా దొరుకుతుంది. బోల్బైటిస్ ఆఫ్రికా సెలయేళ్ల ఫెర్న్. దాని ఆకు వెలుతురుకు ఎదురుగా పెడితే ఈనెలన్నీ లెక్కపెట్టుకోవచ్చు, అంత పలచన.

మొదటి పాఠం ఒక నిషేధం. అనూబియాస్‌కు అడ్డంగా పాకే లావు కాండం ఉంటుంది. షాపుల్లో రైజోమ్ అంటారు. అల్లం, పసుపుల్లో మనం చూసే కొమ్ము కూడా అలాంటిదే కాబట్టి ఇక్కడ కొమ్ము అనే అందాం. అల్లం కొమ్మును మట్టిలో పెడితే మొలుస్తుంది, దీన్ని పెడితే చస్తుంది. ఇసుక కింద నీరు కదలని చోట కొమ్ము మెత్తబడి, పసుపుపచ్చగా మారి, పైకి తీస్తే ముక్కు మూసుకోవలసిన వాసన వేస్తుంది. మొక్కంటే మట్టిలోనే నాటాలన్న అలవాటు కొద్దీ కొత్తవాళ్లు దీన్ని చంపుకునేది ఎక్కువగా ఇలాగే. వేళ్లు ఇసుకలోకి దిగినా ఫరవాలేదు, కొమ్ము మాత్రం నీళ్లలో తేటగా కనిపిస్తూ ఉండాలి.

కట్టే పని దగ్గర్నుంచి చూడాల్సిందే. నర్సరీ నుంచి వచ్చే మొక్క చిన్న ప్లాస్టిక్ బుట్టలో, వేళ్ల చుట్టూ రాక్‌వూల్ కూరి ఉంటుంది. ట్వీజర్‌తో దాన్ని పోగు పోగుగా లాగేసి, మిగిలింది నీటి ధార కింద కడగాలి. పని తెలిసినవాళ్లు ఆ తర్వాత చేసేది చూస్తే మనసు చివుక్కుమంటుంది: పొడుగ్గా, ఆరోగ్యంగా ఉన్న వేళ్లను సెంటీమీటరో రెండో ఉంచి మిగతాది కత్తెరతో తీసేస్తారు. కారణం ఉంది. కర్రను కరుచుకునేవి ఆ పాత వేళ్లు కావు. ఇకముందు కొమ్ము అడుగున కొత్తగా పుట్టే లేత వేళ్లకే ఆ పని తెలుసు. వేరు మొన కర్ర గరుకును తడుముకుంటూ పాకి, సన్నటి కేశాలతో అతుక్కుంటుంది. పాత వేళ్ల గుబురు మధ్యలో ఉంటే కొమ్ముకూ కర్రకూ ఎడం మిగిలిపోతుంది, కొత్త వేరు గాలిలో, అంటే నీళ్లలో, వేలాడి దారి తప్పుతుంది.

కట్టడానికి ఏ దారం తీసుకున్నారన్న దాంట్లో ముందుచూపు బయటపడుతుంది. నాచును రాతికి కట్టాలంటే నూలు దారం బ్రహ్మాండంగా సరిపోతుంది. నూలు కొన్ని వారాల్లో చివికి మాయమవుతుంది, ఆలోపు నాచు రాతిని పట్టేస్తుంది. అనూబియాస్ అంత తొందరగా పట్టదు, దానికి నెలలు కావాలి. నూలుతో కడితే దారం గడువు ముందు తీరిపోయి, మొక్క ఒకనాడు నీటి మీద తేలుతూ కనిపిస్తుంది. జపాన్‌లో తకాషి అమానో అనే అక్వేరియం కళాకారుడు పెట్టిన కంపెనీ ఈ తేడాను గుర్తించి రెండు వేర్వేరు కట్లు అమ్ముతోంది. నాచుకు కరిగిపోయే నూలు ఒకటి, అనూబియాస్, బోల్బైటిస్‌లకు ప్లాస్టిక్ తొడుగున్న తీగ ఒకటి. ఆ తొడుగు గోధుమరంగులో ఉంటుంది, కర్ర మీద కనబడకుండా.

ఇప్పుడు ఎక్కువమంది జిగురుకు మారిపోయారు. మన కిరాణా కొట్లో దొరికే ఫెవిక్విక్ లాంటిదే, సయనోఅక్రిలేట్. అమెరికాలో హ్యారీ కూవర్ 1942లో తుపాకీ గురి అద్దాలకు పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతుండగా ఇది చేతికి అంటుకుంది. అప్పటికి పనికిరాదని పక్కన పెట్టేశారు, 1958లో గానీ బజారుకు రాలేదు. తేమ తగిలితేనే గట్టిపడడం దీని గుణం కాబట్టి తడిగా ఉన్న మొక్కకూ రాతికీ కుదురుతుంది. పలుచగా కారే రకం కన్నా జెల్ రకం మేలు, పెట్టిన చోటే నిలుస్తుంది. జిగురు వాడిన పనిలో మంచి చెడ్డలు చెప్పడం తేలిక. చెడ్డ పనిలో కొమ్ము చుట్టూ తెల్లటి గడ్డ కట్టి, ఏడాది తర్వాత కూడా కళ్లలో గుచ్చుకుంటూ ఉంటుంది. మంచి పనిలో చుక్క గింజంతే. అదీ కొమ్ముకు కాదు, కత్తిరించిన వేళ్ల మొదళ్లకు. కర్రకు మనవైపు కాకుండా వెనకవైపు అతికించి, జిగురు ఆరకముందే దాని మీద చిటికెడు ఇసుక చల్లుతారు. తొట్టిలో నీళ్లు నిండాక అక్కడ మనిషి చేయి పడిందని చెప్పలేం.

నా లెక్కలో వీటన్నిటికన్నా అందమైన పద్ధతి ఏదీ వాడకపోవడం. రాతి పగులునో, కర్ర పంగనో చూసుకుని, కొమ్ము సరిగ్గా ఇమిడే వెడల్పు ఎక్కడుందో వెతికి, అందులో నొక్కి వదిలేస్తారు. పెరిగే కొస బయటి వైపుకు, వెలుతురు వచ్చే దిక్కుకు ఉండాలి. కొమ్ము ఏ దిక్కుకు తిరిగి ఉంటే ఆ దిక్కుకే పాకుతుంది కనుక, ఈ రోజు పెట్టిన కోణం రెండేళ్ల తర్వాత ఆ మొక్క ఆకారాన్ని నిర్ణయిస్తుంది. కుండీలో గులాబీని అవసరమైతే తిప్పుకోవచ్చు. ఇక్కడ తిప్పితే పట్టిన వేళ్లన్నీ తెగుతాయి, లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

బూసెఫలాండ్రా దగ్గరికి వచ్చేసరికి మనసు మరింత నెమ్మదించాలి. దీని ప్రేమికులు ముద్దుగా బూసే అంటారు. ఇది బోర్నియోలో తప్ప భూమ్మీద మరెక్కడా సహజంగా పెరగదు. 1858లో వియన్నాలోని షోన్‌బ్రున్ రాజోద్యానాల అధిపతి హైన్‌రిఖ్ విల్‌హెల్మ్ షాట్ దీన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు. అంతకు ముందు ఏడాది అనూబియాస్‌కు పేరు పెట్టిందీ ఆయనే. ఇవాళ ఒకే కర్ర మీద పక్కపక్కన కూర్చునే ఆఫ్రికా మొక్క, బోర్నియో మొక్క ఒకే మనిషి బల్ల మీద వరుస ఏళ్లలో పేర్లు పొందాయన్నమాట. మొదటి జాతికి ఆయన మోట్లియానా అని పెట్టాడు, బోర్నియో గనుల్లో పనిచేస్తూ మొక్కలు సేకరించిన ఇంగ్లిష్ ఇంజనీరు జేమ్స్ మోట్లీ పేరు మీద. మరుసటి ఏడే, 1859లో, బంజర్మసిన్ ప్రాంతపు తిరుగుబాటులో మోట్లీ హతుడయ్యాడు. ఆ తర్వాత శతాబ్దిన్నర పాటు ఈ ప్రజాతిలో గుర్తించిన జాతులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే. 2014లో సరావాక్ విశ్వవిద్యాలయానికి చెందిన వాంగ్ సిన్ యెంగ్, ఆమెతో కలిసి పనిచేసిన పీటర్ బాయ్స్ ఒక్కసారిగా కొత్త జాతుల్ని వర్ణించాక సంఖ్య ముప్పైకి అటూఇటూ చేరింది.

ఇది ఉండే చోటు తెలిస్తే తొట్టిలో దాని తీరు అర్థమవుతుంది. వానలడవిలో వాగు మధ్య రాతి బండలు దాని నివాసం. పైన వాన పడగానే వాగు పొంగి మొక్క మునిగిపోతుంది. నీళ్ల వేగానికి మామూలు మొక్కైతే చిరిగి కొట్టుకుపోవాలి. బూసే ఆకు సన్నగా, తాడులా వంగే కాడతో ఉంటుంది, ప్రవాహం ఎటు తోస్తే అటు వాలుతుంది. వేళ్లు మాత్రం బండను వదలవు. వరద తీశాక మళ్లీ గాలిలో నిలబడి పూస్తుంది. ఇలా వరద వాగుల్లో బతికే మొక్కల మీద డచ్ వృక్షశాస్త్రవేత్త వాన్ స్టీనిస్ 1981లో ఒక పుస్తకమే రాశాడు. అటు గాలికి, ఇటు నీటికి అలవాటుపడ్డ శరీరం కాబట్టే ఏళ్ల తరబడి అద్దాల తొట్టిలో మునిగి ఉండగలుగుతుంది. మొదట్లో అలగడానికి కారణమూ అదే. నర్సరీలో గాలిలో పెరిగిన ఆకు మందంగా, పైన మైనం పూతతో ఉంటుంది. నీళ్లలో ముంచాక ఆ ఆకు రాలిపోయి, నీటికి తగిన పలుచటి ఆకు కొత్తగా రావాలి. మెల్ట్ అయింది అంటారు దీన్ని. ఆకులన్నీ పోయి ఉత్త కొమ్ము మిగిలినా, అది గట్టిగా ఉన్నంత కాలం మొక్క బతికే ఉంది. ఆ దశలో పనిమంతుడు చేసే పని ఏమీ చేయకపోవడమే. ఎరువు పెంచడు, చోటు మార్చడు, వారం వారం నీళ్లు మాత్రం మారుస్తాడు.

ఒక ఆకును దగ్గరగా చూద్దాం. తక్కువ వెలుతురులో ముదురు ఆకుపచ్చ. లైటు ఒక కోణంలో పడ్డప్పుడు దాని మీద నీలం, ఊదా కలిసిన మెరుపు జారుతుంది. అది తల కొంచెం పక్కకు జరిపితే కనబడదు. ఆకంతా సూది మొనతో చుక్కలు పెట్టినట్టు తెల్లటి రేణువులు. కొన్ని రకాల్లో అంచు అలలు తిరిగి ఉంటుంది, కొన్నింటిలో కాడ ఎర్రగా ఉంటుంది. లేతాకు వచ్చేటప్పుడు రాగి రంగులోనో, గులాబీ గోధుమలోనో ఉండి, వారాల తరబడి మెల్లగా ఆకుపచ్చకు మారుతుంది. అందువల్ల ఒకే మొక్క మీద మూడు వయసుల ఆకులు మూడు రంగుల్లో కనిపిస్తాయి. బజారులో వీటి పేర్లు సరేసరి. సెకడావు, మెలావి అని బోర్నియోలోని పశ్చిమ కాలిమంతాన్ ప్రాంతాల పేర్లు కొన్ని, ‘బ్రౌనీ ఘోస్ట్’ లాంటి వ్యాపార కవిత్వం కొన్ని. ఒకే మొక్క రెండు పేర్లతో రెండు ధరలకు దొరకడం కూడా వింతేమీ కాదు.

తొట్టిలో ఈ మొక్క నీళ్లలో మునిగి ఉండే పూస్తుంది. పువ్వు మన వేలి గోరుకు మించదు. చేమ, కంద పూలలో లాగే మధ్యన ఒక కంకి, దాని చుట్టూ తెల్లటి దొప్ప. కంకిలో అడుగున ఆడ పూలు, పైన మగ పూలు. ఒక్కో కేసరానికి రెండు కొమ్ములు పొడుచుకు వచ్చి ఉంటాయి, భూతద్దంలో చూస్తే ఎద్దు తల. షాట్ పెట్టిన గ్రీకు పేరు అక్కణ్నుంచే వచ్చింది. అడవిలో పరాగసంపర్కం అయ్యాక దొప్ప పైభాగం ఊడిపోయి, కింద గిన్నె లాంటిది మిగులుతుంది. అందులో వాన చినుకు పడగానే విత్తనాలు చింది పక్క బండ మీదికి చేరతాయి. అద్దాల తొట్టిలో ఆ చినుకూ లేదు, పరాగం మోసే పురుగూ లేదు. అయినా మొక్క తన పని తాను చేసుకుపోతుంది.

ఇక పాచి. ముదురాకు పరీక్షలో ఓడించేది ఎక్కువగా ఇదే. కారణం సూటిగా ఉంది. తొందరగా పెరిగే మొక్క మీద పాచి వాలేలోపు ఆకు పాతబడి కత్తెరకు పోతుంది. అనూబియాస్ ఆకు రెండేళ్లు కూడా నిలుస్తుంది కనుక పాచికి స్థిరాస్తి దొరికినట్టే. పైగా ఈ మొక్కలు తిండి తక్కువ తీసుకుంటాయి. వెలుతురు ఎక్కువైతే ఆ మిగులు పాచి వాటా. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అనూబియాస్‌ను నడినెత్తిన లైటు కింద పెట్టరు, కర్ర నీడలో, పెద్దాకుల చాటున పెడతారు. లైటు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు దాటనివ్వరు. గాజు మీదా, ఆకు మీదా గట్టిగా పట్టే పచ్చ చుక్కలు చాలాసార్లు ఫాస్ఫేట్ కొరతకు గుర్తు. అది చూసి ఎరువు పూర్తిగా ఆపేస్తే ఇంకా పెరుగుతాయి. అంచుల మీద కుచ్చుల్లా వచ్చే నల్ల పాచి అసలు ఎర్ర శైవలాల జాతిది. నల్లగా కనిపిస్తుంది గాని, మందు పడి చచ్చేటప్పుడు ఎర్రబడి తన కులం బయటపెట్టుకుంటుంది. ఎర్రబడ్డాక రొయ్యలు దాన్ని తినేస్తాయి.

నీటి కదలిక ఇంకో రహస్యం. కార్బన్ డయాక్సైడ్ గాలిలో వ్యాపించే వేగంతో పోలిస్తే నీళ్లలో దాదాపు పది వేల రెట్లు నెమ్మది. ఆకు చుట్టూ కదలని నీటి పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది, అది ఎంత మందమైతే ఆకుకు అంత ఆకలి. ఫిల్టర్ ధార మెల్లగా ఆకుల్ని ఊపుతూ ఉంటే ఆ పొర పలుచబడుతుంది, ఆకు మీద మురికీ నిలవదు. బోల్బైటిస్‌ను ధార దారిలో పెట్టి చూడండి, ఆకు నునుపులోనే తేడా తెలుస్తుంది. ఈ మొక్కలకు సిలిండర్ పెట్టి గ్యాస్ ఎక్కించి తీరాలని షాపువాళ్లు చెబుతారు. ఎక్కిస్తే మంచిదే, పెరుగుదల కాస్త పుంజుకుంటుంది. ఎక్కించకపోయినా బతుకుతాయి.

ఈ కళను ప్రపంచానికి చూపించినవాడు అమానో. 1954లో జపాన్‌లోని నీగాతా ప్రాంతంలో పుట్టాడు. మొదట వృత్తి సైకిల్ పందేల క్రీడాకారుడు, తర్వాత పెద్ద ఫిల్మ్ కెమెరాలతో అడవుల్ని తీసిన ఫొటోగ్రాఫర్. 1982లో కంపెనీ పెట్టాడు. పాచి తినడానికి చిన్న రొయ్యల్ని తొట్టిలో వదలడం ఆయన ప్రచారం చేసిందే. ఆ రొయ్యను ఇవాళ అందరూ అమానో రొయ్య అనే పిలుస్తారు. లిస్బన్ ఓషనేరియంలో 2015లో తెరిచిన ‘నీటి అడుగు అడవులు’ ఆయన చివరి పెద్ద పని: 40 మీటర్ల పొడవు, 1,60,000 లీటర్ల నీరు, అజోర్స్ దీవుల నుంచి తెచ్చిన 25 టన్నుల అగ్నిపర్వత శిల, స్కాట్లండ్, మలేషియాల నుంచి వచ్చిన 78 మానులు, 46 రకాల మొక్కలు. అదే ఏడాది ఆగస్టులో ఆయన పోయాడు. అంకెలు ఘనమైనవే. నన్ను కట్టిపడేసేది మాత్రం ఆయన మామూలు తొట్ల ఫొటోల్లోని కర్రలు. కర్రకూ ఇసుకకూ మధ్య ఎక్కడా గీత కనబడదు, అనూబియాస్ నానా ఆకులు ఆ సంధుల్ని కప్పేస్తాయి. సంధి దాచడానికి ఆకును వాడడం వడ్రంగం తెలిసినవాడి బుద్ధి. ఆ నానా రకం చాలాకాలం వేరే జాతిగా చెలామణీ అయి, 1979లో విమ్ క్రూసియో అనూబియాస్ మొత్తాన్ని పునఃపరిశీలించినప్పుడు బార్టెరి జాతిలో ఒక ఉపరకంగా కుదురుకుంది. దాని మరగుజ్జు ‘పెటీట్’ ఆకు బొటనవేలి గోరంత. తెల్ల మచ్చల ‘పింటో’ ఇంకా నెమ్మది, తెల్లగా ఉన్న మేర పత్రహరితం లేదు కదా, ఆ మేర ఆకు కూర్చుని తినేదే.

మన దగ్గర ఈ మొక్కలకు అసలు గండం వేసవి. బూసేకు 22 నుంచి 28 డిగ్రీల నీళ్లు హాయి. మే నెలలో హైదరాబాదులోనో, విజయవాడలోనో తొట్టి నీళ్లు 32 దాటడం మామూలు విషయం. వేడి పెరిగితే మొక్క ఊపిరి వేగం పెరుగుతుంది, నీళ్లలో కరిగే ప్రాణవాయువేమో తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాములకు పైన ఉండేది 32 దగ్గర 7 చిల్లరకు పడిపోతుంది. చిల్లర్ పెట్టుకునే స్తోమత లేనివాళ్లు మూత తీసి, నీటి మీదికి చిన్న ఫ్యాన్ తిప్పుతారు. ఇది మట్టి కుండ సూత్రమే. లీటరు నీరు ఆవిరైతే వంద లీటర్ల తొట్టి నుంచి లెక్క ప్రకారం ఆరు డిగ్రీలకు దగ్గరగా వేడిని పట్టుకుపోతుంది. గది నుంచి వేడి తిరిగి వస్తూనే ఉంటుంది కనుక చేతికి దక్కేది రెండు మూడు డిగ్రీలు. అదీ హైదరాబాద్ పొడి గాలిలో. విశాఖ, కాకినాడ ఉక్కపోతలో అంత కూడా రాదు. ఇందులో ఒక మెలిక ఉంది. ఆవిరయ్యేది ఉత్త నీరే, ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. లోటు పూడ్చడానికి రోజూ బోరు నీళ్లు పోస్తూ పోతే వేసవి ముగిసేసరికి తొట్టిలో కఠిన జలం తయారవుతుంది. తగ్గిన మేరకు ఆర్వో నీళ్లు పోయాలి. మన బోర్ల కాఠిన్యం తెలిసినవాళ్లు వారం వారం మార్చే నీటిలోనూ సగానికి సగం ఆర్వో కలుపుతారు.

మొక్కను రెండు చేయడంలో కూడా చేతి నేర్పు తెలుస్తుంది. కొమ్ము పొడుగ్గా సాగాక పదునైన బ్లేడుతో ఒక్క కోతలో తెగ్గొడతారు, కత్తెరతో నలపరు. ఇటు ముక్కకూ అటు ముక్కకూ కనీసం మూడు నాలుగు ఆకులు ఉండేలా చూసుకుంటారు. కొస ఉన్నంత కాలం అది పంపే హార్మోను వెనక మొగ్గల్ని నిద్రలో ఉంచుతుంది. కొస వేరు పడగానే వెనక ముక్క మీద పక్క మొగ్గలు మేలుకుంటాయి. ఒత్తుగా కనిపించే అనూబియాస్ పొదల వెనక ఇలాంటి కోతలే ఉంటాయి. జావా ఫెర్న్‌కు కోత కూడా అక్కర్లేదు, ముదురాకు కొసన పిల్ల మొక్క తానే పుడుతుంది. ఆ ఆకుల వెనక వరుసగా వచ్చే గోధుమరంగు మచ్చల్ని చూసి తెగులనుకుని కత్తిరించేవాళ్లు ఉన్నారు. అవి సిద్ధబీజాల గుంపులు. కొసలు చీలి కుచ్చులా ఉండే ‘విండెలోవ్’ రకానికి ఆ పేరు డెన్మార్క్‌లో 1970లో ట్రోపికా నర్సరీ పెట్టిన హోల్గర్ విండెలోవ్ మీదుగా వచ్చింది.

ఇప్పుడు బజారు మాట. బూసేకు గిరాకీ పెరిగిన రోజుల్లో కాలిమంతాన్ వాగుల్లో బండల మీంచి దాన్ని చేతులతో పెరికి సంచుల్లో నింపి ఎగుమతి చేశారు. ఒక్కో జాతి ఒక్కో వాగుకే పరిమితమైన చోట అలా పెరకడం ఎంత ముప్పో వేరే చెప్పక్కర్లేదు. అంత నెమ్మదిగా పెరిగే మొక్క ఆ ఖాళీని ఎప్పటికి పూడ్చుకోవాలి? ఇవాళ ఆ అవసరం తీరిపోయింది. ప్రయోగశాలలో అగార్ జెల్లీలో పెంచిన టిష్యూ కల్చర్ కప్పులు దొరుకుతున్నాయి. నత్తల గుడ్లు, పాచి, రొయ్యల్ని చంపే పురుగుమందులు వాటిలో ఉండవు. జెల్లీని గోరువెచ్చటి నీళ్లలో పూర్తిగా కడిగేసి నాటుకోవాలి. మొక్కలు పొట్టివి, ఓపిక ఇంకాస్త ఎక్కువ కావాలి.

కొనేముందు షాపులో ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఎక్కడ పెరిగింది? కప్పులోదో, నర్సరీదో అయితే తీసుకోండి. వేళ్లు తెగి, ఆకులు చిరిగి, ‘ఒరిజినల్ అడవి మొక్క సార్, అరుదైన రకం’ అని రెట్టింపు ధర చెబితే అక్కడే వదిలేయండి.